అయిదో గడిలో ఎనిమిది మంది

మీరే చేశారిది. మూడో అంతస్తులో అద్దాల గదుల్లో కూర్చుని, పనిచేసే ప్రతి ఎనిమిది మందిలో ఒకడు పనికిమాలినవాడై తీరాలని గీత గీసిన పెద్దమనుషులారా, మీరే. ఆ ఒకడు ఎవడో మీకు తెలియదు. వాడు ఏం పని చేస్తాడో తెలియదు. అయినా ఉండి తీరాలి. లేకపోతే వెతకాలి. వెతికినా దొరక్కపోతే తయారు చెయ్యాలి. దొంగలు లేని ఊళ్లో రోజుకో దొంగను పట్టుకు రమ్మని తలారిని తరిమినట్టుంది మీ యవ్వారం. తలారి ఏం చేస్తాడు? పక్కింటివాణ్ణి బతిమాలి తీసుకొస్తాడు.

కిందటివారం దాకా సంగతి ఇదీ. సీడర్ రాపిడ్స్ ఊళ్లో కెల్డర్-వాష్ బీమా కంపెనీ. వడగళ్లకు దెబ్బతిన్న ఇళ్ల కప్పులు ఎక్కి చూసి, నష్టం తేల్చే జట్టులో ఎనిమిది మంది. ఆరు నెలలకోసారి వాళ్ల పనికి గ్రేడు వేస్తారు, ఒకటి నుంచి అయిదు దాకా. అయిదంటే అట్టడుగు. జట్టులో ఒకరికి అయిదు పడి తీరాలని రూలు. వరసగా రెండుసార్లు పడితే ఉద్యోగం ఊడుతుంది. నాలుగేళ్ల కిందట, ఈస్టర్‌కు ముందు ఉపవాసాల శుక్రవారం ఒకనాడు, చర్చి హాల్లో చేపల వేపుడు తింటూ ఈ ఎనిమిది మందీ ఒక ఒప్పందానికి వచ్చారు. చర్చివాళ్లు బింగో ఆటకు వాడే బుట్ట తిప్పి తలా ఒక అంకెల బంతి తీశారు. ఆ వరస ప్రకారం అయిదును వంతులేసుకుని మోద్దామనుకున్నారు. మొదటి బంతి జోలీన్ హ్రుష్కాది. సూపర్‌వైజర్ డ్వేన్ ఎబర్సోల్ తలవంచుకుని, వాళ్లు చెప్పిన పేరే రాస్తూ వచ్చాడు. నాలుగేళ్లలో ఎనిమిది వంతులూ తిరిగి, ఈ మార్చిలో మళ్లీ జోలీన్ దగ్గరికొచ్చింది. పత్రం పైకి వెళ్లిన మూడో రోజున కంపెనీ రూలు మార్చింది. వరసగా అక్కర్లేదట. అయిదేళ్లలో ఎప్పుడైనా రెండు అయిదులుంటే చాలు, ఇంటికి.

వంతు మార్చుకుందామంటే ఎవరితో మార్చుకుంటారు? అందరి నెత్తినా ఒక్కో అయిదు ఉంది. ఎవరి పేరు రాస్తే వాళ్లే పోతారు. న్యాయంగా పంచుకున్నందుకు వాళ్లకు దక్కిన ఫలం అది. "వంతు నాది, పోయేది నేనే," అని జోలీన్ తేల్చేసింది. సోమవారం మూడో అంతస్తుకు రమ్మని కబురు రాగానే, శుక్రవారమే సొరుగులు ఖాళీ చేసి అట్టపెట్టెలో సర్దుకుంది.

సోమవారం పొద్దున ఊరంతా ఓట్స్ మిల్లు వాసన. కింది అంతస్తులో జోలీన్ బల్ల చుట్టూ జట్టు మూగి ఉంది. ఎవరికీ పని మీద చెయ్యి పోవడం లేదు.

టెరెన్స్ ఓడమ్ ఆ అట్టపెట్టెలోకి తొంగి చూశాడు. నలభై నాలుగేళ్లవాడు, చావింట్లో కూడా జోకు వెయ్యకుండా ఉండలేడు.

"ఏంటి జో, స్టేప్లర్ కూడా వేసుకున్నావు? అది కంపెనీ సొత్తమ్మా. గేటు దగ్గర చేతులు పైకెత్తమంటారు."

"పద్నాలుగేళ్లుగా దాని స్ప్రింగు నేనే బిగిస్తున్నా. అది నా పెంపుడు పిల్ల. రమ్మను, ఎవడు పట్టుకుంటాడో చూస్తా."

"పోనీ కుర్చీ కూడా తీసుకుపో. దాని కాలు విరిగి ఏడాదైంది. నువ్వు పోయాక అందులో కూర్చునే ధైర్యం ఎవడికుంది?"

అమ్రా హోజిచ్ నవ్వలేదు. జట్టులో అందరికన్నా చిన్నది. ఆరో నెల కడుపు. ఉద్యోగం ఉంటేనే ఆసుపత్రి బీమా. పదిమంది ఇళ్లకు బీమా తేల్చే పిల్లకు తన పురిటికి బీమా ఉంటుందో ఉండదో తెలియని బతుకు.

"నేను పైకొస్తా జోలీన్. నిజం చెప్పేస్తా. బంతుల సంగతి, వంతుల సంగతి, అంతా."

"నువ్వు నోరు మూసుకుని ఆ కొలాచీ బన్ను తిను. పొద్దున్నే లేచి చేశాను, ఆప్రికాట్ పెట్టి. చెప్తే ఏమవుతుంది? డ్వేన్ మెడ పోతుంది. మీ ఏడుగురి మీదా కన్ను పడుతుంది. ఒక్కదాన్ని పోతే తీరే దానికి ఎనిమిది మంది ఎందుకే?"

"నీకు భయంగా లేదా?"

"నాకా? ఇరవై రెండేళ్లు తడి కప్పుల మీద నడిచాను. వీళ్లు కార్పెట్ మీద నడుస్తారు. ఎవరు ఎవరికి భయపడాలే?"

లిఫ్టు దాకా టెరెన్స్ వెంట వచ్చాడు. "నేనూ పైదాకా వస్తా. తలుపు బయట నిలబడతా. పెట్టె మొయ్యడానికి మనిషి కావాలి కదా," అన్నాడు. ఈసారి జోకు వెయ్యలేదు.

మూడో అంతస్తులో గదులకు పేర్లుంటాయి. ఒకటి నమ్మకం, ఒకటి ధైర్యం, ఒకటి కుటుంబం. మనుషుల్ని పంపించేసేది కుటుంబం గదిలో. ఆ ఒక్క గది అద్దానికే బయటివాళ్లకు లోపల ఏం జరుగుతోందో కనపడకుండా తెల్లపొర అంటించారు. బల్ల మధ్యలో కన్నీళ్లు తుడుచుకునే కాగితాల డబ్బా. జోలీన్ లోపలికొచ్చి ముందుగా ఆ డబ్బాను బల్ల చివరకు తోసి కూర్చుంది.

ఎదురుగా బ్రెట్ హాలరన్, వైస్ ప్రెసిడెంటు. చేతుల్లేని ఉన్ని కోటు, పళ్లన్నీ కనిపించే నవ్వు. అతని పక్కన సిబ్బంది వ్యవహారాలు చూసే కెన్డ్రా ఫాల్క్, ముందర కాగితాల కట్ట. ఓ మూల కుర్చీలో డ్వేన్ ఎబర్సోల్. కడుపుమంట బిళ్ల నోట్లో వేసుకుని నములుతున్నాడు. జోలీన్ వంక చూడలేదు.

"రండి జోలీన్, రండి! వారాంతం బాగా గడిచిందా?"

"పెట్టె సర్దుకోడంతో సరిపోయింది."

బ్రెట్ నవ్వు కొంచెం సన్నబడింది. "ముందుగా ఒక్క మాట. ఇది మీ గురించి కాదు."

"మరెవరి గురించి? కుర్చీలో కూర్చున్నది నేనేగా?"

"అంటే, మీ ప్రయాణంలో ఇదొక మలుపు అనుకోండి."

"బ్రెట్, నేను కప్పు మీంచి రెండుసార్లు పడ్డాను. పడ్డప్పుడు పడ్డానన్నాను, మలుపు తిరిగాననలేదు. ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు."

కెన్డ్రా కాగితాలు ముందుకు జరిపింది, కంపెనీ మీద దావా వెయ్యనని సంతకం పెడితే కొన్ని నెలల జీతం ఇస్తామనే ఒప్పందం. సంతకం పెట్టాల్సిన చోట పసుపు చీటీలు అంటించి ఉన్నాయి. "ఇక్కడ, ఇక్కడ, చివర్లో ఇక్కడ. ఇప్పుడే అక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లి చదువుకోండి. నలభై అయిదు రోజులు గడువుంది."

కళ్లజోడు పెట్టుకుంటున్న జోలీన్ చెయ్యి ఆగింది.

"నలభై అయిదా?"

"అవును."

"మా మరిదిని మాంసం ఫ్యాక్టరీలోంచి తీసేసినప్పుడు ఇరవై ఒక్క రోజులిచ్చారు. మరుసటేడు ఫ్యాక్టరీ మొత్తం మూసినప్పుడు అతని స్నేహితులకు నలభై అయిదు ఇచ్చారు. నలభై దాటినవాళ్లలో ఒక్కణ్ణి పంపితే ఇరవై ఒకటి, మందను పంపితే నలభై అయిదు. ఆ తేడా గురించి మా మరిది రెండేళ్లు మా వంటింట్లో కూర్చుని గొణిగాడు. నాకు కంఠతా వచ్చు." ఆమె కెన్డ్రా కళ్లలోకి చూసింది. "నేను మందనా?"

కెన్డ్రా కాగితాల మీంచి కళ్లెత్తింది. బ్రెట్ వైపు చూసింది. ఆ చూపు చాలు. ఎక్కడ పగిలిందో కప్పు ఎక్కకముందే వాసన పట్టే మనిషి జోలీన్.

కట్ట తిరగేసి చివరి పేజీ తీసింది. ఇలాంటి కట్టల్లో చివరి పేజీ ఎవరూ చదవరు. అక్కడిదాకా వచ్చేసరికి కళ్లల్లో నీళ్లుంటాయి, పసుపు చీటీ తప్ప ఏమీ కనపడదు. ఆ ధీమాతోనే దాన్ని అక్కడ పెడతారు. జోలీన్ వృత్తే చివరి పేజీలు చదవడం.

పేజీ మీద పేర్లు లేవు. ఒక పట్టిక. ఒక వరసలో ఉద్యోగం, పక్కన వయసు, ఆ పక్కన ‘తొలగింపుకు ఎంపికైనవారు’, చిట్టచివర ‘ఎంపిక కానివారు’. చివరి వరస నిండా సున్నాలు.

జోలీన్ పైకి చదవడం మొదలుపెట్టింది.

"వడగళ్ల నష్టం పరిశీలకులు. వయసు అరవై రెండు, ఒకరు. ఇది మా జట్టులో పెద్దవాడు మైలో. ఏటా పుట్టినరోజుకు నేను తెచ్చే కేకు మీద చెర్రీలుంటే ఏరి పక్కన పెడతాడు. యాభై ఆరు, ఒకరు. నేను. నలభై నాలుగు, టెరెన్స్. పోయిన అక్టోబరులో అతని కేకు నేనే తెచ్చాను, నలభై అయిదు కొవ్వొత్తులు పెట్టానని వారం రోజులు దెప్పాడు."

"జోలీన్, ఆ పేజీ కేవలం..."

"ఆగు బ్రెట్. యాభై ఒకటి. నలభై ఏడు. ముప్పై ఎనిమిది. ముప్పై అయిదు." ఆమె వేలు ఆఖరి గీత మీద ఆగింది. గొంతు కిందికి దిగింది. "ఇరవై తొమ్మిది. మొన్న మంగళవారమే కదూ మనం కేకు కోసింది? నువ్వు కూడా వచ్చావు. ముక్క తిన్నావు. అమ్రా పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే ‘ఎప్పుడమ్మా?’ అని అడిగావు. అప్పటికే ఈ పేజీ అచ్చయిందా?"



బ్రెట్ పళ్లు బిగించి కెన్డ్రా వైపు తిరిగాడు. "శుక్రవారం దాకా ఇది బయటికి రాకూడదన్నాను. దీన్ని ఎందుకు జతచేశావు?"

"చట్టం. జతచెయ్యకపోతే సంతకం చెల్లదు. రెండుసార్లు మీకు మెయిలు పెట్టాను."

జోలీన్ ఆ పేజీ మీంచి వేలు తీసింది. తనొక్కతే పోతే మిగతావాళ్లు మిగులుతారనే లెక్క మీద ఆమె శుక్రవారం సొరుగులు ఖాళీ చేసింది. ఆ లెక్కే తప్పు. తను పోయినా పోకపోయినా వాళ్లూ పోతారు. ఆ పిల్లా పోతుంది. ఇంక దాచి కాపాడేది ఏం మిగిలింది? ఏమీ మిగల్లేదని తెలియగానే ఆమె వీపు దానంతటదే నిటారైంది.

"ఎందుకు?" అంది.

"అంకెలు చూడండి," అన్నాడు బ్రెట్. తనకు తెలిసిన దారిలోకి వచ్చాక అతని గొంతు మళ్లీ నున్నబడింది. "నాలుగేళ్లలో మీ జట్టులో ప్రతి ఒక్కరికీ అయిదు పడింది. ప్రతి ఒక్కరికీ! కంపెనీ మొత్తం మీద ఇలాంటి జట్టు ఇంకొకటి లేదు. ఇంత బలహీనమైన జట్టును ఏం చేసుకోమంటారు? ఈ పనిని బయటి సంస్థకు ఇస్తున్నాం. వాళ్లు డ్రోన్లతో ఫొటోలు తీస్తారు. ఇది నా నిర్ణయం కాదు, కంప్యూటర్ చూపించిన నిజం."

జోలీన్ నవ్వింది. గట్టిగా, కడుపులోంచి. తలుపు బయట ఉన్న టెరెన్స్‌కు వినపడేంత గట్టిగా.

"అయ్యో నా తండ్రీ! ఎనిమిది మంది, ఎనిమిది ఆరునెలలు, తలా ఒకటి. ఈ మార్చి దాకా ఒక్కరికైనా రెండు పడలేదు, ఒక్కరూ తప్పించుకోలేదు. ఇదేంటబ్బా ఇంత ముచ్చటగా ఉందని ఇంత పెద్ద మేడలో ఒక్కడికీ అనుమానం రాలేదా? వడగళ్లు కూడా అంత పద్ధతిగా పడవు. ఒక ఇంటి కప్పు మీద అలా ముగ్గేసినట్టు దెబ్బలు కనిపిస్తే నేనేం అంటానో తెలుసా? ఎవడో సుత్తి పుచ్చుకుని కొట్టాడంటాను."

"అంటే?"

"అంటే వంతులేసుకున్నాం. బింగో బంతులు తీసి. మీకు ఏటా రెండు బలులు కావాలన్నారు, వంతులవారీగా ఇచ్చాం. మా జట్టులో అడుగున ఉండాల్సినవాడు లేడు. నువ్వు లెక్కపెట్టింది మా పని కాదు, మా వంతులు." ఆమె ముందుకు వంగింది. "ఒక కప్పు బాగులేదని రాయాలంటే నేను నిచ్చెన ఎక్కుతాను. నాలుగు వాలుల మీదా సుద్దముక్కతో పదడుగుల చదరాలు గీస్తాను. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో దెబ్బనూ చేత్తో తడుముతాను. అప్పుడు సంతకం. ముక్కూమొహం తెలియని వాళ్ల ఇంటికి నేను చేసే న్యాయం అది. నువ్వు ఎనిమిది మంది మనుషుల్ని కొట్టెయ్యడానికి ఏం ఎక్కావు బ్రెట్? ఎవరిని తడిమి చూశావు?"

బ్రెట్ కుర్చీలో వెనక్కి వాలి, చూపుడువేలితో బల్ల మీద మెల్లగా తట్టాడు. అతని మొహం తేటపడింది. అది జోలీన్‌కు నచ్చలేదు.

"మంచిది. అంటే రికార్డులు తప్పుడువని మీరే చెప్పారు. కెన్డ్రా సాక్షి." అతను మూలకు తిరిగాడు. గొంతులో మర్యాద రాలిపోయింది. "డ్వేన్, ఈ పత్రాల మీద సంతకాలు నీవి. తొమ్మిదిసార్లు తెలిసి తెలిసి తప్పుడు గ్రేడు వేసి సంతకం పెట్టావు. నీకు ఇలాంటి కట్ట కూడా రాదు. నీ బ్యాడ్జీ బల్ల మీద పెట్టు. ఆ ఎనిమిది మందికీ కూడా ఇంక ఏమీ ఇవ్వక్కర్లేదు. మోసం చేసినవాళ్లకు ఎవరిస్తారు?"

ఇన్నాళ్లూ ఏది జరగకూడదని జోలీన్ పళ్లబిగువున నోరు కట్టేసుకుందో అది తన నోటితోనే జరిగింది. డ్వేన్‌కు ఇద్దరు పిల్లలు కాలేజీలో. పదిహేనేళ్లలో అతను ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. కోపమొస్తే ఇంకో బిళ్ల నోట్లో వేసుకుంటాడు, అంతే.

డ్వేన్ బ్యాడ్జీ తీశాడు. బల్ల మీద పెట్టాడు.

"తొమ్మిది కాదు," అన్నాడు.

"ఏంటి?"

"నేను ఇచ్చిన పత్రాలు తొమ్మిది కాదు. పద్దెనిమిది." బిళ్ల మింగాడు. "ప్రతిసారీ రెండు. మొదటిదాంట్లో అయిదో గడి ఖాళీగా వదిలేసేవాణ్ణి. గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు పోనివ్వదు. అందుకని కాగితం మీద అచ్చు తీసి, చేత్తో నింపి, నేనే మెట్లెక్కి తెచ్చి ఇచ్చేవాణ్ణి. కింద రాసేవాణ్ణి కూడా. ‘నా జట్టులో అయిదు వెయ్యదగినవారు లేరు. వేస్తే అది అబద్ధం అవుతుంది’ అని."

బ్రెట్ వేలు బల్ల మీద ఆగిపోయింది.

"రెండు రోజులకు అది తిరిగొచ్చేది. ఎర్ర సిరాతో. ‘గడి ఖాళీగా ఉండరాదు. ఎవరో ఒకరిని నింపండి.’ కింద సంతకం. మొదటి మూడూ మీకు ముందు ఈ కుర్చీలో ఉన్న ఆయనవి, బ్రెట్. తర్వాతి ఆరూ మీవి."

జోలీన్ అతని వైపు పూర్తిగా తిరిగింది. "నాలుగేళ్లు! మాకెందుకు చెప్పలేదు డ్వేన్?"

"చెప్తే నువ్వు ఆ రోజే ఈ గదిలోకి వచ్చేసేదానివి. నాకు భయమేసింది." అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "ఇప్పుడూ వేస్తోంది. కానీ చెప్పేశాను."

"ఏవి ఆ కాగితాలు?" అన్నాడు బ్రెట్. "నువ్వు చెప్తే సరా? ఎవరు చూశారు?"

"నేను చూశాను," అంది కెన్డ్రా.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె మెడలో బ్యాడ్జీ తాడుకు వేలాడుతున్న తాళాల గుత్తి పిడికిట్లో పట్టుకుంది. "మా గదిలోకి ఏ కాగితం వచ్చినా తారీఖు ముద్ర వేసి దాచాలి. అది నా పని. తిప్పి పంపిన కాగితాలకు డ్వేన్ నకళ్లు తీయించుకున్నాడు, అసలువి నాకు ఇచ్చాడు. తొమ్మిదీ ఫైళ్ల గదిలో ఉన్నాయి, ఇనప బీరువాలో. నేను... ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు."

ఎవరూ అడగలేదు! ఎన్ని ఇనప బీరువాల్లో ఎంతమంది బతుకులు ఆ ఒక్క మాట కింద తొక్కుకుని పడున్నాయో.

కెన్డ్రా లేచింది.

"కూర్చో," అన్నాడు బ్రెట్. "నీకు పిల్లలున్నారు కెన్డ్రా. ఇంటి అప్పుంది. ఆలోచించుకో. ఆ తాళాలు ఇటివ్వు."

అతను చెయ్యి చాపాడు. కెన్డ్రా గుత్తి పట్టుకుని బల్లకూ తలుపుకూ మధ్య నిలబడిపోయింది. అటు అడుగు పడలేదు, ఇటు పడలేదు.

జోలీన్ లేచింది. రెండంగల్లో తలుపు దగ్గరికి వెళ్లి బార్లా తెరిచింది. అంతస్తులో యాభై తలలు ఒక్కసారిగా ఇటు తిరిగాయి. ఎన్నడూ ఎవరూ లోపలికి చూడని గది అది. ఎదురుగా టెరెన్స్.

"అందర్నీ పైకి పిలువు. మిగతా ఆరుగురినీ. అమ్రాను లిఫ్టులో తీసుకురా, మెట్లెక్కనివ్వకు."

టెరెన్స్ ఎందుకని అడగలేదు. పరిగెత్తాడు.

తలుపుకు వీపు ఆనించి జోలీన్ లోపలికి తిరిగింది. యాభై మందికీ వినపడేలా అంది.

"కెన్డ్రా, తాళాలు అతని చేతికివ్వకు. వెళ్లి బీరువా తెరువు. తొమ్మిది కాగితాలూ తెచ్చి ఈ బల్ల మీద పెట్టు. డ్వేన్, నీ బ్యాడ్జీ తీసి మెడలో వేసుకో. బ్రెట్, నువ్వు లేచి నిలబడు. నా వాళ్లు వచ్చాక వాళ్ల మొహాలు చూస్తూ ఒక్కో కాగితమూ పైకి చదువు. ఎర్ర సిరాతో ఏం రాశావో చదువు, కింద ఎవరి సంతకముందో చదువు, మోసం చేయించింది ఎవరో తేలనీ. చదివాక ఈ ఎనిమిది వయసుల పేజీ నీ చేత్తో అడ్డంగా కొట్టెయ్యి, ఆ అయిదో గడి ఈ మేడలోంచి తీసేస్తున్నానని రాసివ్వు. రేపు కాదు. లాయరును అడిగి కాదు. ఇప్పుడు, ఈ తలుపు తెరిచి ఉండగానే."